తాళంచెవులు ఎవరి చేతిలో? నెట్‌వర్క్ కొనే ముందు జనక్‌పురి బడులు అడగాల్సిన ప్రశ్న

2025 జులై నుంచి నవంబరు దాకా మూడు పరిణామాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. జులైలో సీబీఎస్‌ఈ తన అనుబంధ నిబంధనలను సవరించింది. మరుగుదొడ్లు మినహాయించి తరగతి గదులు, వరండాలు, మెట్లు, ప్రయోగశాలలు, గ్రంథాలయం, క్యాంటీన్ అన్నింటిలోనూ మాటలతో సహా రికార్డు చేసే సీసీటీవీ కెమెరాలు పెట్టాలని, కనీసం 15 రోజుల దృశ్యాలు భద్రపరచాలని ఆదేశించింది. అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. నవంబరు మధ్యలో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నియమాలను నోటిఫై చేసింది.

ఈ మూడు నిర్ణయాలూ మూడు వేర్వేరు చోట్ల పుట్టాయి. ఒకరితో ఒకరు మాట్లాడుకుని తీసుకున్నవి కావు. కానీ మూడూ వచ్చి పడింది మాత్రం ఒకే చోట: బడిలో మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో, దుమ్ము పట్టిన స్విచ్ పెట్టె మీద. కొత్త కెమెరాలు దానికే తగిలించాలి, పాత కంప్యూటర్లు దానికే ఉన్నాయి, చట్టం కాపాడమంటున్న పిల్లల వివరాలూ దాని గుండానే పోతాయి.

పశ్చిమ దిల్లీలోని జనక్‌పురి ఈ ఒత్తిడిని గమనించడానికి తగిన చోటు. ప్రభుత్వ బడులు, కేంద్రీయ విద్యాలయం, ఫీజులు గట్టిగానే వసూలు చేసే ప్రైవేటు పాఠశాలలు, ఎయిడెడ్ బడి అన్నీ ఇక్కడ నడిచి వెళ్లేంత దూరంలో కనిపిస్తాయి. ఆ ఎయిడెడ్ బడి తెలుగువారిదే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ దిల్లీలో నడిపే పాఠశాలల్లో ఒకటి జనక్‌పురిలో ఉంది. ఉద్యోగ రీత్యా దిల్లీ చేరిన తెలుగు కుటుంబాల పిల్లలు చదువుకునేందుకు పుట్టిన సంస్థ అది. ఎయిడెడ్ బడి అంటే దిల్లీలో గ్రాంటుకు అర్హమైన ఖర్చులో 95 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 5 శాతం యాజమాన్యం భరించాలి. జీతాలు గడిచిపోతాయి గాని, కొత్త పరికరాలంటే యాజమాన్యం జేబు తడుముకోవాల్సిందే. ఇక్కడ చర్చ ఏ ఒక్క బడి గురించో కాదు. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా మధ్యతరగతి పాఠశాల ఏదైనా ఇప్పుడు నిలబడి ఉన్న కూడలి ఇదే.

కొటేషన్‌లో లేని వరస

జనక్‌పురి వెస్ట్‌లో మెజెంటా లైను రైలెక్కి కాల్కాజీ మందిర్ దగ్గర దిగితే నెహ్రూ ప్లేస్ పక్కనే. దేశంలోనే పేరున్న కంప్యూటర్ల మార్కెట్. బడికి నెట్‌వర్క్ కావాలనగానే జరిగేది అందరికీ తెలిసిందే. మూడు కొటేషన్లు తెప్పిస్తారు, తక్కువ ధర చెప్పినవారికి పని ఇస్తారు. ప్రభుత్వ బడులైతే జెమ్ పోర్టల్ ద్వారా వెళ్తాయి. కొటేషన్‌లో ఫైర్‌వాల్ ఒకటి, స్విచ్‌లు ఇన్ని, వైఫై పెట్టెలు ఇన్ని, కేబుల్ ఇన్ని మీటర్లు అని ఉంటుంది. ఏ కంపెనీ ఫైర్‌వాల్ మంచిదన్న దాని మీద కమిటీలో గంటసేపు వాదన నడుస్తుంది.

ఆ కాగితంలో కనిపించని వరసలు కొన్ని ఉంటాయి. పని పూర్తయ్యాక పరికరాల పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉంటాయి? ఏ తీగ ఏ గదికి వెళ్లిందో చూపే పటం ఎవరు ఇస్తారు? పరికరాల అమరికల నకలు బడికి దక్కుతుందా? వచ్చే ఏడాది మరో సంస్థకు నిర్వహణ అప్పగిస్తే పాతవారు తాళంచెవులు ఇచ్చి వెళ్తారా? ఈ నాలుగు ప్రశ్నలకు పైసా ఖర్చు లేదు. కొనే రోజున అడిగితే ఏ వ్యాపారీ కాదనడు. ఏడాది తర్వాత అడిగితే ఆ సంస్థలో పని చేసిన కుర్రాడు ఉద్యోగం మారి ఉంటాడు, పాస్‌వర్డ్ అతనితోపాటే పోయి ఉంటుంది. అప్పుడిక పరికరాన్ని మళ్లీ మొదటి స్థితికి తెచ్చి, అన్నీ తిరిగి అమర్చుకోవడమే దారి.

పాఠశాల నెట్‌వర్క్ భద్రతలో సగం ఇక్కడే తేలిపోతుంది. ఖరీదైన ఫైర్‌వాల్ ఉండి, దాని తాళంచెవి బయటివాడి దగ్గర ఉంటే అది బడి ఆస్తి కాదు. సాదాసీదా పరికరమే అయినా బడిలో ఇద్దరికి దాని సంగతి తెలిసి ఉంటే అది పని చేస్తుంది.

యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో 64.7 శాతం పాఠశాలల్లో కంప్యూటర్లు, 63.5 శాతంలో ఇంటర్నెట్ ఉన్నాయి. పెరుగుదల మంచిదే. కానీ లెక్క 'ఉందా, లేదా' దగ్గరే ఆగిపోతుంది. ఉన్నది ఎవరి ఆధీనంలో ఉంది, ఏది దేనికి కలిసి ఉంది అని అడిగే గడి ఆ ఫారంలో లేదు.

ఎయిమ్స్ నేర్పిన పాఠం

ఏది దేనికి కలిసి ఉందన్నది ఎంత పెద్ద ప్రశ్నో దిల్లీకి ఒకసారి అనుభవమైంది. 2022 నవంబరు 23న ఎయిమ్స్ సర్వర్లు మూతబడ్డాయి. దేశం నలుమూలల నుంచి వచ్చిన రోగులకు ఓపీ చీటీలు చేత్తో రాసి ఇచ్చారు. దాదాపు రెండు వారాలు అలాగే నడిచింది. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దాడిచేసినవారు తాళం వేశారని తర్వాత ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. కారణం కూడా చెప్పింది: నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడం.

ఆ మాట బడికి ఎక్కువ వర్తిస్తుంది. మామూలు పాఠశాలలో ప్రయోగశాల కంప్యూటర్లు, అకౌంట్స్ గది, ప్రిన్సిపాల్ గది, కెమెరాలు, ఉపాధ్యాయుల ఫోన్లు, స్మార్ట్‌బోర్డులు అన్నీ ఒకే వలలో ఉంటాయి. గదుల్లేని ఇల్లు లాంటిదది. వాకిట్లో అడుగుపెట్టినవాడికి బీరువా కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి విద్యార్థి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఆటతోపాటు వచ్చిన వైరస్‌కు, ఫీజుల వివరాలున్న కంప్యూటర్‌కు మధ్య గోడ ఉండదు.

గోడ కట్టడానికి కొత్త తీగలు వేయనక్కర్లేదు. అదే స్విచ్‌ను నాలుగు విడి వలలుగా పంచే పద్ధతి ఉంది. దీన్నే వీల్యాన్ అంటారు. కార్యాలయానికి ఒకటి, విద్యార్థులకు ఒకటి, కెమెరాలకు ఒకటి, అతిథులకూ సొంత ఫోన్లకూ ఒకటి. ఒకదాని నుంచి మరొకదానిలోకి వెళ్లాలంటే ఫైర్‌వాల్ దాటాలి, అది ఒప్పుకున్నదే దాటుతుంది. ఇందుకు కావాల్సింది 'మేనేజ్డ్' స్విచ్. మామూలు స్విచ్ కంటే దీని ధర ఎక్కువ. కొటేషన్లలో ధర తగ్గించాలనుకున్నప్పుడు మొదట కత్తెర పడేది దీని మీదే. కమిటీలు ఫైర్‌వాల్ బ్రాండు మీద పోట్లాడుకుని, చివరికి స్విచ్ దగ్గర పొదుపు చేస్తాయి. ముందు తలుపుకు ఉక్కు గడియ పెట్టి లోపలి గోడలు మానేసినట్టు ఉంటుంది ఈ పొదుపు.

కెమెరాల బరువు

నాలుగు వలల్లో కెమెరాలది ప్రత్యేకంగా చూడాల్సిన సంగతి. దిల్లీ ప్రభుత్వ బడుల్లో తరగతి గదుల కెమెరాలు 2019లోనే మొదలయ్యాయి. తల్లిదండ్రులు ఫోన్‌లో చూసే వీలుండాలన్న ఆలోచన మీద గోప్యత పేరిట హైకోర్టు దాకా వివాదం నడిచింది. ఇప్పుడు సీబీఎస్‌ఈ ఆదేశంతో ఈ భారం దాని అనుబంధ పాఠశాలలన్నింటి మీదికీ వచ్చింది.

ఒక్క లెక్క వేసి చూస్తే భారం అర్థమవుతుంది. స్పష్టమైన దృశ్యం పంపే కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు వాడుతుందనుకుందాం. రోజుకు 43 గిగాబైట్ల పైచిలుకు అవుతుంది. 15 రోజులకు సుమారు 650 గిగాబైట్లు. అరవై కెమెరాలున్న బడికి దాదాపు 39 టెరాబైట్ల నిల్వ కావాలి. లోపలి వల మీద ఎప్పుడూ సెకనుకు 240 మెగాబిట్లు పారుతూ ఉంటాయి. నాణ్యత తగ్గించి, కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెడితే ఈ అంకె బాగా పడిపోతుంది. అయినా ఇదంతా ప్రయోగశాల కంప్యూటర్లు నడిచే దారిలోనే పోతే, పదకొండో తరగతి పిల్లలు పైథాన్ పాఠం తెరవడానికి నిమిషాల తరబడి కూర్చోవాలి. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని యాజమాన్యం ఎక్కువ వేగం ప్లాను కొంటుంది. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట.

వేగం కంటే పెద్ద ప్రమాదం మరొకటి. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల నుంచి దొంగిలించిన దృశ్యాలు యూట్యూబ్, టెలిగ్రామ్‌లలో అమ్మకానికి వచ్చాయి. పోలీసులు తవ్వేకొద్దీ అది ఒక్క ఆసుపత్రితో ఆగలేదని తేలింది. దేశంలో పలుచోట్ల కార్యాలయాలు, ఇళ్లు, పాఠశాలల కెమెరాల్లోకి కూడా చొరబడ్డారు. దారి ఏమంత గొప్పది కాదు. కెమెరాతో వచ్చిన 'అడ్మిన్123' లాంటి పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేయడమే.

పిల్లల ముఖాలు, మాటలు రికార్డు చేసే పరికరాన్ని ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి పెట్టడం ఏ పాఠశాలకైనా చేయకూడని పని. బయటి నుంచి చూడాల్సిన అవసరం ఉంటే వీపీఎన్ ద్వారా, పేరున్న ఇద్దరు ముగ్గురికే ఇవ్వాలి. కొనేటప్పుడు చూడాల్సింది మరొకటుంది. 2025 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకు ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది. నెహ్రూ ప్లేస్‌లో పాత సరుకు చౌకగా దొరుకుతుందని ఎగబడే ముందు ఆ ధ్రువపత్రం అడగాలి.

దొంగ బయటే ఉంటాడా?

దిల్లీ బడులకు భద్రత అనగానే గుర్తొచ్చేది బాంబు బెదిరింపు మెయిళ్లు. 2024 మే 1న ఎన్‌సీఆర్ పరిధిలో వందకు పైగా పాఠశాలలకు ఒకేసారి అలాంటి మెయిల్ వచ్చింది. తల్లిదండ్రులు పనులు వదిలి గేట్ల దగ్గరికి పరుగెత్తారు. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత అలాంటి మెయిళ్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. 2025 జనవరిలో పోలీసులు ఒక కేసులో పన్నెండో తరగతి విద్యార్థిని పట్టుకున్నారు. పరీక్షలు తప్పించుకోవడానికి పంపాడని వారు చెప్పారు.

మెయిల్‌ను ఏ ఫైర్‌వాలూ ఆపలేదు. ఎవరైనా ఎవరికైనా ఉత్తరం రాయవచ్చు. బడి చేయగలిగింది వేరే ఉంది. చాలాచోట్ల పాఠశాల అధికారిక చిరునామా ఎప్పుడో ఎవరో తెరిచిన వ్యక్తిగత జీమెయిల్. పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ ఎప్పుడో రిటైరైన ప్రిన్సిపాల్ ఫోన్‌కు వెళ్తుంది. బెదిరింపు వచ్చిన ఉదయం దాన్ని ఎవరు చూస్తారు, ఎవరికి ఫోను చేస్తారన్నది రాసి ఉండదు. విద్యాసంస్థలకు ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా 'ఈడీయూ డాట్ ఇన్' డొమైన్ పేర్లు ఇస్తుంది. ఆ పేరుతో గూగుల్, మైక్రోసాఫ్ట్‌ల విద్యాసంస్థల ప్రాథమిక సేవలు అర్హత ఉన్న బడులకు ఉచితంగానే దొరుకుతాయి. పదవికి ఒక మెయిల్ ఖాతా, దానికి రెండంచెల తనిఖీ, మనిషి మారితే ఖాతా కొత్తవారికి. ఇదేమీ సాంకేతిక విద్య కాదు, దఫ్తరు క్రమశిక్షణ.

విద్యార్థి పంపిన మెయిల్ మరో విషయాన్ని తడుతుంది. బడి నెట్‌వర్క్‌కు ప్రమాదం ఎక్కువగా ఎటునుంచి వస్తుంది? బ్రిటన్‌లో సమాచార కమిషనర్ కార్యాలయం 2022 నుంచి 2024 మధ్య విద్యారంగంలో లోపలివారి వల్ల జరిగిన 215 ఉల్లంఘనలను పరిశీలించింది. వాటిలో 57 శాతం విద్యార్థులు చేసినవే. దొంగిలించిన లాగిన్లతో జరిగినవి 30 శాతం కాగా, వాటిలో 97 శాతం వెనక విద్యార్థులే ఉన్నారు. పెద్ద హ్యాకింగ్ విద్యేమీ అక్కర్లేకపోయింది. ఊహించడానికి తేలికైన పాస్‌వర్డ్, బల్ల మీద చీటీ రాసి పెట్టిన పాస్‌వర్డ్ చాలు.

మన బడులు బ్రిటన్ బడులు కావు. కానీ స్టాఫ్‌రూం గోడ మీద వైఫై పాస్‌వర్డ్ అంటించి ఉండటం, హాజరు నమోదు చేసే కంప్యూటర్‌ను టీచర్ తెరిచి పెట్టి క్లాసుకు వెళ్లడం ఎక్కడైనా ఒకటే. ఒకే పాస్‌వర్డ్‌తో అందరూ వాడే వైఫైలో ఇంకో ముప్పు ఉంది, దీన్ని యాజమాన్యాలు ఆలోచించవు. ఆ కనెక్షన్ నుంచి ఎవరైనా నేరం చేస్తే, పోలీసులు వచ్చి అడిగితే, ఎవరు చేశారో చెప్పడానికి బడి దగ్గర ఆధారం ఉండదు. అప్పుడు అనుమానం మీద మాట నడుస్తుంది. కంప్యూటర్ల మీద ఆసక్తి ఉన్న కుర్రాడు, అంతకుముందు ఒకసారి మందలింపు తిన్న కుర్రాడు మొదటి నిందితుడవుతాడు. పేరుపేరునా లాగిన్ ఉండి, చిట్టాలు భద్రంగా ఉంటే దోషి దొరుకుతాడు. అంతకంటే ముఖ్యంగా, నిర్దోషి బయటపడతాడు.

పేరుపేరునా లాగిన్ ఇచ్చే వైఫై పద్ధతి కొత్తదేం కాదు. మధ్యశ్రేణి పరికరాలన్నీ ఇస్తాయి. మూడువేల మంది పిల్లలకు ఖాతాలు నడపడం కష్టమైతే మొదట ఉపాధ్యాయులకు, కార్యాలయానికి అలా ఇచ్చి, పిల్లలకు ప్రయోగశాలలోని కంప్యూటర్లకే ఇంటర్నెట్ పరిమితం చేయవచ్చు. అశ్లీల, జూదపు సైట్లను ఆపే డీఎన్‌ఎస్ వడపోత సేవలు ఉచితంగా ఉన్నాయి. వీపీఎన్ తెలిసిన పదో తరగతి పిల్లవాడు దాన్ని దాటేస్తాడన్నదీ నిజమే. వడపోత పొరపాటున తెరుచుకునే పేజీని ఆపుతుంది, పట్టుదలతో వెతికేవాడిని కాదు.

పాత యంత్రాలు, రెండు దారులు

విండోస్ 10 సంగతికి వస్తే, బడుల్లో ఉన్న పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అది టీపీఎం 2.0 అనే చిప్‌ను, సుమారు 2018 తర్వాతి ప్రాసెసర్‌ను అడుగుతుంది. కొత్తవి కొనాలని వ్యాపారి చెబుతాడు. ఆ మాట పూర్తి నిజం కాదు. విద్యాసంస్థలకు మైక్రోసాఫ్ట్ పొడిగించిన భద్రతా అప్‌డేట్లను యంత్రానికి మొదటి ఏడాది ఒక డాలరు, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4 డాలర్ల చొప్పున అమ్ముతోంది. నలభై యంత్రాల ప్రయోగశాలకు మొదటి ఏడాది ఖర్చు నలభై డాలర్లు. ఈ సంగతి కొటేషన్‌లో కనిపించదు.

రెండో దారి కేరళ చూపింది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ పథకం కొన్నేళ్లలోనే ప్రభుత్వ బడులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించింది. దాని వారసత్వంగా వచ్చిన 'కైట్' సంస్థ పాఠశాలల కోసం సొంత లినక్స్ కూర్పు తయారు చేసి లక్షల యంత్రాల్లో నడుపుతోంది, ఉపాధ్యాయులకు అందులోనే శిక్షణ ఇస్తోంది. ఈ మార్గంలో వేలకోట్ల రూపాయలు మిగిలాయని ఆ రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ అంటే పైథాన్, ఎస్‌క్యూఎల్. రెండూ లినక్స్‌లో హాయిగా నడుస్తాయి. పదో తరగతి ఐటీ పాఠ్యపుస్తకం లిబ్రే ఆఫీస్ మీదే ఉంది.

కేరళను అలాగే దించుకోవడం మాత్రం కుదరదు. అక్కడ వెనక ఒక రాష్ట్ర సంస్థ, శిక్షణ పొందిన వేలాది ఉపాధ్యాయులు ఉన్నారు. జనక్‌పురిలోని ఒంటరి బడికి ఉన్నది ఒక్క కంప్యూటర్ టీచర్. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. అందుకని ప్రయోగశాలకు లినక్స్, కార్యాలయానికి కొత్తవో పొడిగించినవో విండోస్ యంత్రాలు అన్న విభజన చాలా బడులకు సరిపోతుంది. గోడలు కట్టిన నెట్‌వర్క్‌లో ఈ విభజన తేలికగా ఇమిడిపోతుంది కూడా.

మబ్బుల్లో పెట్టిన రిజిస్టర్లు

'మా డేటా అంతా క్లౌడ్‌లో ఉంది, మాకేం భయం' అనే మాట యాజమాన్యాల నోట తరచూ వినిపిస్తుంది. ఫీజులు, మార్కులు, హాజరు, బస్సు జాడ అన్నీ ఒక యాప్‌లో ఉంటాయి. బడిలో సర్వర్ లేకపోవడం ఒక విధంగా మేలే. వోల్టేజీ హెచ్చుతగ్గులు, నలభై అయిదు డిగ్రీల ఎండ, ఏసీ లేని గది ఉన్నచోట సర్వర్ ఎంతకాలం బతుకుతుందో చెప్పలేం. అయితే ప్రమాదం తీరిపోలేదు, చిరునామా మారింది.

అమెరికాలో పాఠశాలలకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే పవర్‌స్కూల్ సంస్థ మీద 2024 డిసెంబరులో దాడి బయటపడింది. ఒకే ఒక దొంగిలించిన లాగిన్‌తో సహాయక పోర్టల్‌లోకి దూరి, 6 కోట్ల మందికి పైగా విద్యార్థుల, కోటి మంది ఉపాధ్యాయుల వివరాలు ఎత్తుకుపోయారు. దోషిగా తేలినవాడు 19 ఏళ్ల కాలేజీ విద్యార్థి. సంస్థ డబ్బు చెల్లించింది. అయినా కొన్ని నెలల తర్వాత అవే వివరాలు చూపి పాఠశాల యాజమాన్యాలను మళ్లీ బెదిరించారు. మన దేశంలో కేంద్రం నడిపే దీక్షా యాప్‌కు సంబంధించిన క్లౌడ్ నిల్వ తాళం లేకుండా ఏడాదికి పైగా తెరిచి ఉందని 2023 జనవరిలో వెల్లడైంది. పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల, సుమారు ఆరు లక్షల విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి.

యాప్ సంస్థతో ఒప్పందం రాసుకునేటప్పుడు బడి అడగాల్సినవి పెద్దవేం కాదు. రెండంచెల తనిఖీ ఉందా? ఒప్పందం ముగిస్తే డేటా మొత్తం వాడుకోదగ్గ రూపంలో తిరిగిస్తారా, తమ దగ్గర చెరిపేస్తారా? చొరబాటు జరిగితే ఎన్ని గంటల్లో చెబుతారు? నెలకోసారి ఒక నకలు బడికి ఇస్తారా? ఆ నకలు హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, తీగ పీకి, బీరువాలో పెట్టుకోవాలి. నెట్‌వర్క్‌కు తగిలించి ఉంచిన బ్యాకప్‌కు కూడా దాడిచేసినవాడు తాళం వేయగలడు.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

చొరబాటు యాప్ సంస్థలో జరిగినా చట్టం ముందుగా చూసేది బడినే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిదే బాధ్యత. వారి తరఫున పనిచేసే సంస్థ చేసిన దానికి కూడా వారే జవాబుదారులు. 18 ఏళ్లలోపు అందరూ ఈ చట్టం దృష్టిలో పిల్లలే. వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలి. విద్య, పిల్లల భద్రత అవసరాల మేరకు పాఠశాలలకు నియమాల్లో కొంత మినహాయింపు ఇచ్చారు. అది పర్యవేక్షణకు ఇచ్చిన వెసులుబాటే గాని, డేటాను కాపాడే పని నుంచి మినహాయింపు కాదు. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. చిన్న బడికి ఆ అంకె పడుతుందని ఎవరూ అనుకోరు. బోర్డు తీవ్రతను బట్టే నిర్ణయిస్తుంది. కానీ ఉల్లంఘన జరిగితే నష్టపోయిన ప్రతి కుటుంబానికీ చెప్పాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు పంపాలి, చిట్టాలు కనీసం ఏడాది దాచాలి. వీటికి చిన్న బడి, పెద్ద బడి తేడా లేదు.

ఆ 72 గంటల్లో ఏం రాయగలరు? ఏ కంప్యూటర్ ఏ వలలో ఉందో తెలిస్తే, ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో చిట్టా ఉంటే, నకలు చేతిలో ఉంటే ఏదో ఒకటి రాయగలరు. పాస్‌వర్డ్ నెహ్రూ ప్లేస్‌లోని సంస్థ దగ్గర ఉండి, ఆ సంస్థ ఫోను ఎత్తకపోతే రాయడానికి ఏమీ ఉండదు.

ఈ పనులన్నీ చూడాల్సిన మనిషి ఎవరన్నది కమిటీలు చివరిదాకా తేల్చవు. ఎక్కువ బడుల్లో అది కంప్యూటర్ టీచర్ నెత్తిన పడుతుంది. వారానికి నిండా పీరియడ్లు, యూడైస్ నమోదు, బోర్డు పోర్టల్‌లో మార్కుల అప్‌లోడ్, ప్రిన్సిపాల్ గది ప్రింటర్ మరమ్మతు, వాటి మధ్యలో నెట్‌వర్క్ భద్రత. వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించి, ఈ పనిని ఉత్తర్వుగా రాసిచ్చి, తోడుగా ఇంకొకరిని పెట్టడం పరికరం ధరలో కొంత భాగానికే సాధ్యమవుతుంది. పాస్‌వర్డ్‌లన్నీ సీలు వేసిన కవరులో ప్రిన్సిపాల్ బీరువాలో ఉండాలి. తీసినప్పుడల్లా రిజిస్టర్‌లో సంతకం పడాలి. పరీక్ష పేపర్లకు బడులు ఇప్పటికే ఇలా చేస్తున్నాయి.

నియమాల్లోని ప్రధాన బాధ్యతలు నోటిఫికేషన్ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మే మధ్యలో అమల్లోకి వస్తాయి. దిల్లీ బడులకు వేసవి సెలవులు మామూలుగా మే రెండో వారం నుంచి జూన్ చివరి దాకా ఉంటాయి. గోడలు తొలిచి తీగలు వేయడానికి, స్విచ్‌లు మార్చడానికి, ప్రయోగశాల యంత్రాలను ఒకేసారి విప్పి కూర్చోవడానికి దొరికే వ్యవధి అదొక్కటే. 2027 సెలవులు మొదలయ్యేసరికి గడువు వచ్చేస్తుంది. అంటే మిగిలింది 2026 వేసవి. కొటేషన్లు తెప్పించాల్సింది దానికి ముందే.